కలశంలో వేసిన పావలాలు

2023 ఏప్రిల్. జార్జియాలోని కమ్మింగ్. పైన్ చెట్ల పుప్పొడి రాలే నెల అది. కార్ల మీద, కిటికీల మీద, ఆఖరికి మెయిల్‌బాక్స్ మీద కూడా పసుపు చల్లినట్టుంటుంది. ఆ వేళ గరాజ్‌లో కూర్చుని నా మెటల్ డిటెక్టర్‌కి అంటిన ఆ పొడి తుడుస్తుంటే ఫోన్ మోగింది.

"ఉమ గారేనాండీ? పోయిన ఉంగరాలు అవీ వెతికి పెడతారట కదా మీరు."

"అవునండీ. ఏం పోయాయి?"

"నాణేలండీ. వెండి పావలాలు. పాతకాలంవి."

"మీవేనా?"

"నావి కాదండీ. నేను తీశానంటున్నవి."

చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాను. ఇన్నేళ్ళ పనిలో పోగొట్టుకున్నవాళ్ళు పిలిచారు గానీ, తీశారన్న మాట పడ్డవాళ్ళు పిలవడం అదే మొదటిసారి.

నా పని గురించి చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు. హెచ్-ఫోర్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో ఒక గరాజ్ సేల్‌లో పాత డిటెక్టర్ కొన్నాను. పార్కుల్లో నల్లబడ్డ పెన్నీలు తవ్వుకుంటూ మొదలుపెట్టి, వర్క్ పర్మిట్ వచ్చాక దాన్నే బిజినెస్‌గా రిజిస్టర్ చేయించుకున్నాను. లాన్‌లో జారిపోయిన పెళ్ళి ఉంగరాలు, ఆకుల్లో పడిపోయిన హియరింగ్ ఎయిడ్‌లు, ఇంటి హద్దుల్లో పూడిపోయిన ఇనుప పిన్నులు వెతికి పెడతాను. మావారు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటారు, నేను రోజంతా మట్టిలో కూర్చుంటాను. మా ఇంట్లో గోళ్ళలో మట్టి ఉండేది నాకే.

ఫోన్ చేసినావిడ రాజ్యలక్ష్మి గారు. అందరికీ రాజ్యం ఆంటీ. పొద్దున స్కూల్ కెఫెటీరియాలో పని, సాయంత్రాలు తెలుగువాళ్ళ ఇళ్ళకి వంట. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు కాలేజీలో చదువుతోంది. ఆవిడ ఉలవచారు తిన్నవాళ్ళు మళ్ళీ సొంతంగా ఉలవచారు పెట్టుకునే సాహసం చేయరు. ముందు ఏడాది ఆగస్టులో హారిక అనే అమ్మాయి ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి ఆవిడే వండారు. హారిక సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు. ప్రతి ఏడూ వ్రతం ఘనంగా చేస్తుంది. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన ఐదు వెండి పావలాలు, రాజు బొమ్మ ఉన్నవి, విభూతితో తళతళా తోమి కలశంలో వేయడం వాళ్ళింటి ఆనవాయితీ.

దీపావళికి లక్ష్మీపూజ చేద్దామని పెట్టె తెరిస్తే ఆ పావలాలు లేవు. అప్పుడు హారిక మా ఊరి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను కాబట్టి నేనూ చదివాను. అమ్మమ్మ నాణేలు పోయాయని, బయటివాళ్ళని వంటకి పిలిచినప్పుడు పూజగది ఒక కంట కనిపెట్టుకోమని, మనసు బాధగా ఉందని రాసింది. ఎవరి పేరూ రాయలేదు. రాయక్కర్లేదు కూడా. కమ్మింగ్‌లో ఇళ్ళకొచ్చి వండేది ఒక్కరే.

అంతే. ఎవరూ ఏమీ అనలేదు. "గెస్ట్‌లు క్యాన్సిల్ అయ్యారు ఆంటీ", "ఈసారి క్యాటరింగ్ తెప్పిస్తున్నాం ఆంటీ" అంటూ ఒక్కొక్కరే మర్యాదగా తప్పుకున్నారు. ఎందుకు తప్పుకుంటున్నారో ఆవిడకి తెలియడానికి నెల పట్టింది. అది కూడా కూతురు చెబితే తెలిసింది. కాలేజీలో ఒక స్నేహితురాలు, "మీ మామ్ ఏదో స్టీల్ చేసిందంట కదా, ఈజ్ దట్ ట్రూ?" అని మొహం మీదే అడిగిందట.

"ఆర్డర్లు పోతే పోయాయండీ," అన్నారు రాజ్యం గారు ఫోన్‌లో. "ఆ పిల్ల అప్పటినుంచీ వారాంతానికి ఇంటికి రావట్లేదు. వస్తే ఎవరైనా కనపడతారని భయం. ఆ పావలాలు ఎక్కడో అక్కడ ఉండాలి కదండీ. కలశం నీళ్ళు చెట్టు మొదట్లో పోస్తారు కదా, వాటితో పాటు పోయాయేమో. వాళ్ళ పెరడు ఒకసారి చూడండి."

మా పనిలో మొదటి నియమం పర్మిషన్. ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా గడ్డిపరక కదిలించకూడదు. హారికకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నేనెవరి పేరూ రాయలేదే ఉమ గారూ!" అంది వెంటనే. ఆ జవాబు ఎప్పటినుంచో నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నట్టుంది.

"రాయలేదు. అందుకే ఒకసారి వెతకనివ్వండి."

"సరే, సాటర్‌డే రండి. నాకేం అబ్జెక్షన్ లేదు. షీ కెన్ హావ్ హర్ పీస్ ఆఫ్ మైండ్," అంది.

శనివారం వెళ్ళాను. హారిక భర్త శ్రీధర్ పెరట్లోకి తీసుకెళ్ళాడు. నెమ్మదస్తుడు, ఎదుటి మనిషి మొహంలోకి చూసి మాట్లాడడు. వ్రతం మర్నాడు శనివారమైనా హారికకి ఆఫీస్ కాల్ ఉంటే, దేవుడికి ఉద్వాసన చెప్పి కలశం తీసేసింది తనేనన్నాడు.

"నీళ్ళు ఎక్కడ పోశారు?"

"ఇదిగో, ఈ క్రేప్ మర్టల్ చెట్టు దగ్గరే అండీ," అన్నాడు, చెట్టుని కాకుండా తన చెప్పుల్ని చూస్తూ.

అతను నేల చూపులు చూడటం నేను గమనించాను. సిగ్గరి అనుకున్నాను. మనుషుల్ని చదివే యంత్రం నా దగ్గర లేదు.

క్రేప్ మర్టల్ చుట్టూ పైన్ స్ట్రా పరిచి ఉంది. ఎండిన పైన్ ఆకుల పరుపు అది. ఇక్కడ ఇంటింటా పూలపాదులకి అదే దుప్పటి. దాని కింద కలుపు రాకుండా ఒక గుడ్డ, ఆ గుడ్డ కదలకుండా జానెడుకొక ఇనుప పిన్ను. డిటెక్టర్‌తో వెతికేవాళ్ళకి ఇనుము శనిలాంటిది. ఇనుప ముక్క పక్కనే చిన్న వెండి బిళ్ళ ఉంటే యంత్రానికి ఇనుమే వినిపిస్తుంది, వెండి గొంతు నొక్కుకుపోతుంది. దీన్ని మాస్కింగ్ అంటాం. పావలా మన బొటనవేలి గోరంత వెడల్పు ఉంటుందేమో. అందుకని పిన్నులన్నీ ఒక్కొక్కటే పీకి, డిటెక్టర్ చివర చక్రంలా ఉండే కాయిల్ నేలకి ఆనించి, అంగుళం అంగుళం తిప్పాను. వెండి తగిలితే తెర మీద పెద్ద నంబరు వస్తుంది, చెవిలో గంట కొట్టినట్టు నిండుగా మోగుతుంది. నాకు దొరికినవి ఇల్లు కట్టినవాళ్ళు వదిలేసిన మేకులు, ఒక సోడా క్యాన్ మూత, స్ప్రింక్లర్ తాలూకు ఇత్తడి ముక్క.

మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. హారిక కాఫీ తెచ్చి ఇచ్చి, నేను పీకిన పిన్నుల కుప్ప వైపు చూసి, "చూశారుగా," అంది. ఆ మాటలో గెలిచానన్న సంతోషమేమీ లేదు. పాపం అన్నట్టే అంది. అది ఇంకా బాధగా ఉంది.

ఫలితం ఏదైనా పిలిచినవాళ్ళకి మొహం చూపించి చెప్పడం నా పద్ధతి. సాయంత్రం రాజ్యం గారి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. చిన్న వంటిల్లు, తుడిచిన గట్టు, స్టవ్ పక్కన అల్మారాలో వరసగా స్టీలు డబ్బాలు. ఆవిడ టీ పెట్టారు. పెరట్లో ఏమీ దొరకలేదని చెప్పాను. చెబుతూ చెబుతూ నా కళ్ళు ఆ డబ్బాల మీద ఒక్కొక్కదాని మీదుగా నడిచాయి. కావాలని చూడలేదు. ఏ కంతలో ఏం దాగి ఉందో చూడటం నా కళ్ళకి వృత్తిలో అబ్బిన అలవాటు అని తరవాత నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ క్షణంలో నా లోపల ఒక మాట మెదిలింది. అక్కడ లేకపోతే మరి ఎక్కడున్నట్టు?

ఆవిడ చూశారు. కప్పు గట్టు మీద పెట్టి, అల్మారాలోంచి ఒక్కో డబ్బా తీసి, మూత తెరిచి నా ముందు పెట్టడం మొదలుపెట్టారు. కందిపప్పు. మినప్పప్పు. ఆవాలు. ఎండుమిరపకాయలు.

"అయ్యో, వద్దండీ. ఏంటండీ ఇది!"

"చేయి పెట్టి చూడండి. పర్లేదు."

"రాజ్యం గారూ, ప్లీజ్..."

"మీ మిషనుకి నా మీద అనుమానం ఉండదు కదా అని మిమ్మల్ని పిలిచానండీ. దాన్ని మోసుకొచ్చే మనిషికి ఉంటుందని అనుకోలేదు."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. డబ్బాలన్నీ అయ్యేదాకా తీస్తూనే ఉన్నారు. నేను వద్దంటూనే ఉన్నాను, వద్దంటూనే అన్నీ చూశాను. కళ్ళు మూసుకోవచ్చు కదా, మూసుకోలేదు. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. టీ చల్లారిపోయింది. తాగకుండానే లేచి వచ్చేశాను. కార్ స్టార్ట్ చేయడానికి చాలాసేపు పట్టింది.

నాలుగైదు రోజులు ఇంకో పని ఒప్పుకోలేదు. "దొరకనివి దొరకవు ఉమా, నీకు కొత్తా?" అన్నారు మావారు. కొత్త కాదు. నాకు దొరకని ఉంగరాలు చాలానే ఉన్నాయి, వాటి వల్ల నాకెప్పుడూ నిద్ర చెడలేదు. ఈసారి దొరకకపోవడమే ఒక మనిషి మీద తీర్పయి కూర్చుంది. ఆ తీర్పు రాసింది నేను.

శుక్రవారం పొద్దున మా దేవుడి దగ్గర నిన్నటి పూలు తీస్తున్నాను. తీసినవి ఎప్పట్లాగే గరాజ్ తలుపుకి తగిలించిన ప్లాస్టిక్ సంచిలో వేశాను. మనవాళ్ళెవరూ దేవుడి పూలు ట్రాష్ క్యాన్‌లో వేయరు. ఎవరి కాళ్ళూ పడని చోట వేయాలి. ఈ దేశంలో ఎవరూ తొక్కని చోటు వెతుక్కోవడం మనకి పెద్ద పని. మా సంచి నెలకొకసారి ఊరవతల వాగు గట్టుకి వెళ్తుంది. చేతిలో ఇంకా మిగిలిన వాడిన చామంతులతో అలాగే నిలబడిపోయాను. శ్రీధర్‌ని నీళ్ళు ఎక్కడ పోశారని అడిగాను గానీ, కలశంలో వేసిన పూలు, మామిడాకులు ఏం చేశారని అడగలేదు. ఆడదాన్నయి ఉండి, ప్రతి ఏడూ కలశం పెట్టేదాన్నయి ఉండి, ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి శ్రీధర్‌నే అడిగాను. వంటింట్లో ఉన్న భార్యకి వినపడకుండా నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఫెన్స్ గేటు తీశాడు.

ఆ గేటు అవతల కూడా కొంత జాగా వాళ్ళదే. కాకపోతే అది చెట్లు కొట్టకుండా, ఏమీ పారబోయకుండా వదిలేయాల్సిన బఫర్. పారబోస్తే ఫైన్ వేస్తామని కాలనీ సంఘంవాళ్ళు, అంటే హెచ్ఓఏ వాళ్ళు, అప్పటికే అందరినీ హెచ్చరించారు. అక్కడ, పైన్ చెట్ల నీడలో, నేను అమెరికాలో చూసిన అతి పవిత్రమైన చెత్తకుప్ప ఉంది. కొబ్బరి పీచు, ఎండిన తమలపాకులు, రంగు వెలిసిన తోరాలు, అగరుబత్తి పెట్టెలు, కర్పూరం డబ్బా మూతలు, ప్రసాదం ఫాయిల్ కప్పులు.

"కలశంలో పూలూ ఆకులూ అన్నీ కలిసిపోయి ఉన్నాయండీ. నీళ్ళతో సహా ఇక్కడే వంపేశాను," అన్నాడు. "కాయిన్స్ హారిక ముందే తీసేసి ఉంటుందనుకున్నాను."

"మరి క్రేప్ మర్టల్ అని ఎందుకు చెప్పారు?"

"హెచ్ఓఏ వాళ్ళకి తెలిస్తే అని..."

"హెచ్ఓఏ వాళ్ళు అడిగారా మిమ్మల్ని? నేను కదా అడిగాను!" అని అరిచాను. పనికి వెళ్ళిన ఇంట్లో అరవకూడదు. అరిచాను. ఒక ఫైన్‌కి భయపడి ఈ మనిషి నోరు కట్టేసుకున్నందుకు ఇంకో ఇంట్లో పప్పుడబ్బాలు నా ముందు మూతలు తెరుచుకున్నాయి.

అతను గరాజ్‌కి వెళ్ళి పార తెచ్చుకుని నా పక్కన నిలబడ్డాడు.

కాయిల్ దించగానే హెడ్‌ఫోన్స్‌లో సంత కూడినట్టయింది. ఫాయిల్ ముక్కలన్నీ ఒకేసారి అరుస్తున్నాయి. పెద్ద కాయిల్ తీసేసి అరచేయంత చిన్నది బిగించాను. దాని కింద ఒకేసారి ఎక్కువ ముక్కలు పడవు కాబట్టి దేని గొంతు దేనిదో తెలుస్తుంది. పై పొరంతా చేత్తో ఏరి టార్పాలిన్ మీద పోయించాను. ఏ ఒక్క పూరేకూ తొక్కకుండా శ్రీధర్ చెప్పులు విప్పి వచ్చాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. దేవుడి పూల మీద కాలు పడితే కళ్ళకద్దుకుంటాం. మనిషి మీద పడితే ఏమీ కాదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కుళ్ళిన ఆకుల కింద, ఎర్రమట్టిలో, మొదటి గంట మోగింది. నిండుగా, గుండ్రంగా. పిన్‌పాయింటర్ అని చిన్న కర్రలాంటి పరికరం ఉంటుంది, అది గుచ్చి చోటు పట్టుకుని వేళ్ళతో తవ్వాను. నల్లబడ్డ చిన్న బిళ్ళ. ఉమ్ముతో తుడిస్తే రాజు గడ్డం కనిపించింది. జార్జియా మట్టిలో ఆ రాజు వేరే ఏ దారినా వచ్చి ఉండడు. దాని చుట్టుపక్కలే ఇంకో మూడు దొరికాయి.

అప్పటికి హారిక వచ్చి మా వెనక నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేము చూడలేదు. నా అరచేతిలో నాలుగు పావలాలు చూసి నోటి మీద చేయి పెట్టుకుంది. ఆ తరవాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట,

"ఐదోది?"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఏ ఉద్దేశంతో అందో ఆవిడకే తెలియదని నా నమ్మకం. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కటి దొరకకుండా పోతే ఆ ఒక్కటీ ఎవరి ఖాతాలోకి పోతుందో నాకు తెలుసు. గేటు దగ్గర చతికిలబడి, "ఐదోది దొరికేదాకా నేను లేవను," అన్నాను.

ఇక గంటలు మోగడం ఆగిపోయింది. కుప్ప ఉన్న చోటంతా రెండుసార్లు తిప్పాను. మూడోసారి పనికిరానివని ఏరి పారేసిన ముక్కలన్నీ ఒక్కొక్కటే కాయిల్ ముందు పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఒక ఫాయిల్ కప్పు ఉండలా నలిగి, లోపల పసుపు, అన్నం మెతుకులు గట్టిపడి రాయిలా ఉంది. తెర మీద ఫాయిల్ నంబరే వస్తోంది, కానీ పక్కకి తిప్పితే అంకె ఒక్కసారి ఎగిరి పడుతోంది. విప్పాను. పసుపు ముద్దలో ఐదో పావలా, నల్లబడకుండా, విభూతితో తోమినప్పటి మెరుపుతోనే ఉంది. కలశం వంపినప్పుడు ఆ కప్పులో పడి, పైన పడ్డ చెత్తకి కప్పు ముడుచుకుపోయినట్టుంది.

హారిక గేటు మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఉమ గారూ, దొరికినట్టు మీరు ఎవరికీ చెప్పకండి. నేనే మెల్లగా హ్యాండిల్ చేస్తాను. ఎలాగూ నేను ఎవరి పేరూ..." అంది.

"నన్ను పిలిచింది మీరు కాదమ్మా. పిలిచినవాళ్ళకి నేను చెప్పాలి. మీరు వస్తే మీ చేత్తో చూపించండి, రాకపోతే నేను చూపిస్తాను."

వచ్చింది. వచ్చేముందు లోపలికి వెళ్ళి పావుగంట తరవాత వెండి పళ్ళెంతో బయటికి వచ్చింది. పట్టుచీర, పళ్ళు, పూలు, తమలపాకులు, కుంకుమ భరిణె. మన ఆడవాళ్ళకి నోరు రాని చోట పళ్ళెం మాట్లాడుతుంది. ఆ పళ్ళెం వద్దని నేను కార్‌లో అనలేదు. అనాల్సింది.

రాజ్యం గారు తలుపు తీసి, ముందు నన్ను, తరవాత హారికని, తరవాత పళ్ళేన్ని చూశారు. హారిక గబగబా, "ఆంటీ, కాయిన్స్ దొరికాయి. శ్రీధర్ పొరపాటున పారబోశాడు. ఐ యామ్ సో సారీ ఆంటీ, ఇట్ వాజ్ ఎ మిస్‌అండర్‌స్టాండింగ్. ఇది తీసుకోండి. నెక్స్ట్ మంత్ బాబు బర్త్‌డేకి వంటంతా మీరే చేయాలి," అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

రాజ్యం గారు పళ్ళెం అందుకోలేదు.

"వ్రతం రోజు నేను వంటింట్లోనే ఉన్నానమ్మా. భర్త లేనిదాన్ని, పూజగది గడప దాకా కూడా రాలేదు. అందరికీ వాయనం ఇచ్చి నాకివ్వలేదని నేనేమీ అనుకోలేదు. మన పద్ధతి అది అనుకున్నాను. ఆ గదిలోకే రానిదాన్ని ఆ గదిలో దొంగతనం చేశానన్నారు. ఇప్పుడు కుంకుమ భరిణె తెచ్చావు. ఇది ఏ పద్ధతి?"

హారిక చేతిలోంచి నేను ఆ పళ్ళేన్ని తీసుకుని షూ ర్యాక్ మీద పెట్టాను. ఏదో ఒకటి చేయాలని చేసిన పని అది. మేమిద్దరం ఆ గుమ్మంలో దోషుల్లా నిలబడ్డాం.

"అయితే ఏం చేయమంటారు ఆంటీ?" అంది హారిక, కళ్ళ నీళ్ళతో.

"ఎక్కడ రాశావో అక్కడే రాయి."

హారిక ఫోన్ తీసి టైప్ చేసి, పంపేముందు మాకు చూపించింది. అమ్మమ్మ నాణేలు దొరికాయని, అందరి ప్రార్థనలకీ థాంక్స్ అని, చివర రెండు దండాల బొమ్మలు.

"పేరు రాయి," అన్నారు రాజ్యం గారు.

"అప్పుడు కూడా నేను పేరు రాయలేదు కదా ఆంటీ..."

"పేరు రాయకుండానే నన్ను దొంగని చేశావు. అదే నీకు తేలిక అయింది, వాళ్ళకీ తేలిక అయింది. పేరు లేకుండా కడిగితే ఎవరి మచ్చ పోయిందని వాళ్ళనుకుంటారు?"

పై అంతస్తులో ఎవరో వాక్యూమ్ చేస్తున్నారు. హారిక వేళ్ళు ఫోన్ మీద పెట్టడం, తీయడం. పిల్లలు తప్పు చేసి ఒప్పుకోనప్పుడు మొహం ఎలా పెడతారో అలా పెట్టుకుని, చివరికి తెలుగులోనే రాసింది. నాణేలు మా ఇంట్లోవాళ్ళమే పారబోసుకున్నామని, ఉమ గారి మెటల్ డిటెక్టర్‌కి దొరికాయని, రాజ్యలక్ష్మి గారిని అనుమానించానని, ఆవిడ ఏ తప్పూ చేయలేదని, తప్పు నాదేనని. పంపాక ఫోన్ బోర్లా తిప్పి పట్టుకుంది. అప్పుడు మటుకు నాకు ఆ అమ్మాయి మీద జాలి వేసింది.

ఆ సాయంత్రం నేను గ్రూపు చూస్తూ కూర్చున్నాను. జవాబులు వరదలా వచ్చాయి. "సో హ్యాపీ ఫర్ యూ హారికా!" "అమ్మమ్మ బ్లెస్సింగ్స్!" "వావ్, మెటల్ డిటెక్టరా, హౌ కూల్!" చప్పట్లు, గుండెకాయలు, దండాలు. రాజ్యం గారి పేరు మళ్ళీ ఒక్కరూ ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆవిడకి ఫోన్లు మొదలయ్యాయి. గోంగూర కావాలని ఒకరు, బొబ్బట్లు కావాలని ఒకరు, మధ్యలో ఆరు నెలలు క్యాలెండర్‌లో లేనట్టే. ఆ మాట ఆవిడే నాతో చెప్పి నవ్వారు. నవ్వు చూసి నేను తల దించుకున్నాను. నేను ఫీజు తీసుకోనన్నాను. ఆవిడ ఊరుకోలేదు, లెక్క ప్రకారం చేతిలో పెట్టే పంపారు. తీసుకోకపోతే నాకూ ఒక పళ్ళెం ఇచ్చుకున్న తృప్తి మిగిలేది. అది దక్కనివ్వలేదు.

అంతవరకు నేను పోయిన వస్తువు యజమాని చేతిలో పెడితే పని అయిపోయిందని అనుకునేదాన్ని. వస్తువు పోయిన ప్రతి ఇంట్లో దానితో పాటు ఒక మనిషి కూడా పోయి ఉండవచ్చని, ఆ మనిషి ఏ యంత్రానికీ వినపడదని ఆ కేసులో తెలిసింది. ఇప్పుడు ఎవరు పిలిచినా, ఏం పోయింది, ఎక్కడ పోయింది అని అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతాను. ఎవరినైనా అనుమానించారా? అనుమానిస్తే, దొరికాక మొదటి ఫోన్ వాళ్ళకే, నా ముందే చేయాలి. ఒప్పుకుంటేనే మిషన్ ఆన్ చేస్తాను. చాలామంది నవ్వి, అలాంటిదేం లేదంటారు. ఒకరిద్దరు మళ్ళీ ఫోన్ చేస్తామని పెట్టేసి, మళ్ళీ చేయలేదు.

రాజ్యం గారు మళ్ళీ వండుతున్నారు. కూతురు వారాంతాలకి ఇంటికి వస్తోంది. కానీ ఆవిడ ఇప్పుడు ఎవరింటికీ వెళ్ళి వండరు. ఎవరికి కావలసినవి వాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి. తలుపు సగమే తీసి గిన్నె అందిస్తారు, "కారం సరిపోయిందో లేదో చెప్పండి" అంటారు, మళ్ళీ వేసేస్తారు. నన్నూ లోపలికి రమ్మనరు. శుక్రవారం సాయంత్రాలు వెళ్తే లోపలినుంచి పోపు వాసన వస్తుంటుంది, బయట మెట్ల మీద మా గ్రూపువాళ్ళం గిన్నెలు పట్టుకుని వరసలో ఉంటాం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.